పెద్దాసుపత్రిలో మనవాడు

కృష్ణపట్నం
12-2-1961

చిరంజీవి తమ్ముడు హజరత్తయ్యకు అక్క చెంచమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టడం మర్యాద కాబట్టి అట్లాగే మొదలుపెట్టాను. కింద చదివితే ఎంత క్షేమమో నీకే తెలుస్తుంది.

నువ్వు పంపిన టానిక్కు సీసా మద్రాసు నుంచి కాలవ మీద తిరిగొచ్చిన పడవ జయరామయ్య తెచ్చి ఇచ్చాడు. నీ మేనకోడలు ఇందిరమ్మ రెండు చెంచాలు తాగి, తియ్యగా ఉందని సీసా మొత్తం ఎత్తబోతే లాక్కుని అటక మీద పెట్టాను. ఆసుపత్రిలో ఊరికే ఇస్తున్నారు కదా అని మరీ ఎక్కువ పంపకు. పైవాళ్ళ కళ్ళు నీ మీద పడతాయి. కాంపౌండరు ఉద్యోగం అందరికీ దొరికేది కాదు.

అసలు సంగతి మీ బావది. నెల రోజులుగా పొత్తికడుపు కింద ఒక పక్క ఉబ్బు వస్తోంది. తమ్ముడివి, ఇంతకంటే వివరంగా రాయడానికి నాకు చెయ్యి రాదు. నిలబడితే వస్తుంది, పడుకుంటే పోతుంది. మొదట నాకు కూడా చెప్పలేదు. పోయిన మంగళవారం పడవలోకి ఉప్పు బస్తా మోస్తూ గట్టు మీదే కూలబడితే, తోటివాళ్ళు ఇంటికి తీసుకొచ్చారు. ముత్తుకూరులో ఎల్లెంపీ చదివిన డాక్టరు చూసి, "పేగు జారింది. ఇది మందులకు పొయ్యేది కాదు, ఆపరేషన్ చేయించుకోవాల" అన్నాడట. నెల్లూరులో ఒక నర్సింగ్ హోములో అడిగితే మూడు వందలు చెప్పారు. మూడు వందలు మనం ఎన్నడన్నా కంట చూశామా. ధర్మాసుపత్రి ఉంది గాని, అక్కడ తెలిసినవాళ్ళు లేకపోతే పలకరించే దిక్కుండదని వీధిలో తలా ఒక మాట చెప్పి భయపెడుతున్నారు.

మీ బావ మాత్రం నిమ్మళంగా ఉన్నాడు. "మనోడు మద్రాసు పెద్దాసుపత్రిలో ఉండాడు. వాడు చెయ్యెత్తితే డాక్టర్లు పలుకుతారు. ఎవురి కాళ్ళో పట్టుకునేదెందుకు మనం?" అంటాడు. నాకూ అదే ధైర్యం.

ఇప్పుడిప్పుడే ఉప్పు తీత మొదలైంది. ఆషాఢం దాకానే పని. వానలు పడ్డాయంటే మళ్ళీ మాఘం దాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలి. ఈ నాలుగైదు నెలల కూలితోనే ఏడాది గడవాలని నీకు తెలియంది కాదు. ఎప్పుడు తీసుకురమ్మంటావో, ఎన్ని రోజులు ఉండాల్సి వస్తుందో రాయి.

నీ అక్క
చెంచమ్మ

మద్రాసు
20-2-1961

అక్కయ్యకు తమ్ముడు హజరత్తయ్య నమస్కారాలు. నీ ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను. పని మాత్రం ఊపిరి తిరగనివ్వడం లేదు. తిండి సంగతి అడక్కు, ఇక్కడివాళ్ళు సాంబారులో బెల్లం వేస్తారు. నీ చేతి చేపల పులుసు తిని ఏడాదైంది.

బావ కేసు చూశాను. కంగారు పడాల్సిందేమీ లేదు. ఇట్లాంటివి మా దగ్గరికి రోజుకు పది వస్తాయి, పది నయమై పోతాయి. అయితే ఇప్పుడే బయలుదేరవద్దు. ఈ ఆపరేషన్ బాగా చేసే పెద్ద డాక్టరుగారు ఇంగ్లండు సీమకు వెళ్ళారు. చిన్న డాక్టర్ల చేతిలో మన మనిషిని పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆయన రాగానే నేనే మాట్లాడి, రోజు ఖాయం చేసి రాస్తాను. అంతవరకు బావను బరువులు తగ్గించమను. మలబద్ధకం రాకుండా చూడు.

ఇందిరమ్మకు నా ముద్దులు. టానిక్కు భోజనం తర్వాత తాగించాలి.

నీ తమ్ముడు
హజరత్తయ్య

కృష్ణపట్నం
6-3-1961

చిరంజీవి తమ్ముడికి దీవెనలు.

నీ ఉత్తరం మీ బావ మూడుసార్లు చదివించుకున్నాడు. "కేసు" అన్నావు చూడు, ఆ మాట తెగ నచ్చింది. ఇప్పుడు ఎవరు పలకరించినా, "నా కేసు మద్రాసులో మా బామ్మర్ది చూస్తుండాడు, పెద్ద డాక్టరు సీమ నుంచి రావాల" అని చెబుతున్నాడు. సీమ డాక్టరు వచ్చి తన పొట్ట కోస్తాడంటే ఆయనకు భయం బదులు గర్వంగా ఉంది.

బరువులు తగ్గించమని నువ్వు సులువుగా రాశావు. మోసిన బస్తాకు లెక్క ఇక్కడ. మొయ్యకపోతే పొయ్యి మీద ఏం పెట్టను? అయినా నేను పోరితే రెండు రోజులు ఇంట్లో ఉన్నాడు. మూడో రోజు మేస్త్రి వచ్చి, "మస్తానయ్యా, నువ్వు రాకుంటే ఇంకొకణ్ణి పెట్టుకుంటా" అని పోయాడు. ఆ మాటతో లేచి వెళ్ళాడు.

రోజుకు మూడు నాలుగుసార్లు గట్టు మీద వెల్లకిలా పడుకుని, ఆ ఉబ్బును చేత్తో లోపలికి నెట్టుకుంటున్నాడట. ఇది కూడా నీకు రాయాల్సి వచ్చింది, చదివి చించెయ్యి. ఆపరేషన్ దాకా ఆపడానికి బెల్టు లాంటిది ఉంటుందని ముత్తుకూరు డాక్టరు అన్నాడు. మీ దగ్గర ఊరికే దొరికితే ఒకటి పంపు. దొరక్కపోతే దాచుకోకుండా చెప్పు. పెద్ద డాక్టరు ఎప్పుడు వస్తాడో కూడా కనుక్కో. నాకు మనసు మనసులో లేదు. మీ బావ ఇంటికి రావడం పది నిమిషాలు ఆలస్యమైతే కాలవ వైపు పరిగెత్తుతున్నాను.

నీ అక్క
చెంచమ్మ

మద్రాసు
18-3-1961

అక్కయ్యకు నమస్కారాలు.

బెల్టు జయరామయ్యతో పంపుతున్నాను. మంచి తోలుది. ముందువైపు గుండ్రటి మెత్త ఉంటుంది. ఆ మెత్త సరిగ్గా ఉబ్బు మీదికి వచ్చేటట్టు పెట్టి కట్టుకోవాలి. ఎంత బిగిస్తే అంత మంచిది. పొద్దున కట్టుకుంటే సాయంత్రం దాకా తీయనక్కర్లేదు. మా దగ్గర ఇది కట్టుకుని ఏళ్ళ తరబడి పనిచేసుకునేవాళ్ళున్నారు.

పెద్ద డాక్టరుగారి సంగతి ఇంకా తేలలేదు. వచ్చినా ముందున్న కేసులు చాలా ఉన్నాయి. ఎండాకాలంలో కుట్లు త్వరగా మానవు కాబట్టి జూన్ దాటాక పెట్టుకోవడం ఎందుకైనా మంచిది. ఉప్పు పని కూడా అప్పటికి అయిపోతుంది కదా. నువ్వు దిగులు పెట్టుకోకు. ఇక్కడ నేనున్నాను.

నీ తమ్ముడు
హజరత్తయ్య

కృష్ణపట్నం
11-4-1961

చిరంజీవి తమ్ముడు హజరత్తయ్యకు దీవెనలు. నీ బెల్టు కడుపు చల్లగుండ.

మీ బావ మళ్ళీ మనుషుల్లో పడ్డాడు. వెనకటి మాదిరి బస్తాలు మోస్తున్నాడు. ఇంకా రెండు ఎక్కువే. బెల్టు చూడటానికి పాలెంలో సగం మంది మా ఇంటికి వచ్చారు. మగవాళ్ళు లోపలికి పోయి చూశారు, ఆడవాళ్ళం బయట నవ్వుకున్నాం. పక్కింటి అంకాలమ్మ తన మోకాళ్ళకు కూడా నీ దగ్గర బెల్టు ఉంటుందా అని అడగమంది. నీ మాట అంటే ఇక్కడ వేదం అయిపోయింది.

సాయంత్రం బెల్టు విప్పితే ఆ చోట కందిపోయి ఉంటోంది. ముట్టుకుంటే చెయ్యి విదిలిస్తున్నాడు. వదులైందేమో అనుకుని, నువ్వు బిగించమన్నావు కాబట్టి ఇంకో రంధ్రం బిగించాను. కడుపు ఉబ్బరంగా ఉందని రాత్రి అన్నం సగానికి తగ్గించాడు. ఎండలకే అయి ఉంటుంది.

ఇంకొక మాట. కోవూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. రెండెకరాల మాగాణి ఉన్నవాళ్ళు. అమ్మాయి ఐదో తరగతి చదివింది, పొట్టిగా ఉంటుంది గాని కళ గల ముఖం. కాంపౌండరుకు తప్ప ఇవ్వనని వాళ్ళ నాన్న పట్టు. అమ్మ ఉంటే ఎంత సంబరపడేదో. ఆపరేషనుకు వచ్చినప్పుడు అవీ ఇవీ మాట్లాడుకుందాం. వాళ్ళ నాన్న మాతోపాటు మద్రాసు వచ్చి నీ ఆసుపత్రి చూస్తానంటున్నాడు.

నీ అక్క
చెంచమ్మ

మద్రాసు
20-4-1961

అక్కయ్యకు నమస్కారాలు.

ఎవరినీ వెంటబెట్టుకుని రావద్దు. నాకు పెళ్ళి వద్దు, కోవూరు వాళ్ళకు ఇవాళే చెప్పెయ్యి. నన్ను అడక్కుండా మాటలు మొదలుపెట్టడం ఏం పని?

బావ విషయం. బాగా ఆలోచించి రాస్తున్నాను. మద్రాసు కంటే నెల్లూరు ధర్మాసుపత్రే మేలు. ఇంటికి దగ్గర. అక్కడ కూడా మంచి డాక్టర్లుంటారు. రేపోమాపో తీసుకువెళ్ళు. నొప్పిగా ఉంటే బెల్టు తియ్యమను.

హజరత్తయ్య

కృష్ణపట్నం
4-5-1961

తమ్ముడు హజరత్తయ్యకు.

నీ ఉత్తరం పది రోజులు పెట్టెలో పెట్టుకుని కూర్చున్నాను. వెంటనే రాస్తే ఏం మాటలు వస్తాయో అని.

ఫిబ్రవరిలో ఆగమన్నావు, ఆగాం. మార్చిలో జూన్ అన్నావు, సరే అన్నాం. ఇప్పుడు కోవూరు వాళ్ళు మా వెంట వస్తారనేసరికి నెల్లూరే మేలని తోచిందా నీకు? మేము వస్తే నీ పరువు పోతుందా? ఉప్పు మోసేవాడు బావ అని, మోకాళ్ళ దాకా చీర దోపుకునేది అక్క అని నీ డాక్టర్ల ముందు చెప్పుకోలేవా? నువ్వు ఎస్సెల్సీ తప్పి ఇంట్లో ముఖం చూపించలేక తిరుగుతున్న రోజుల్లో, నీకు రైలు ఖర్చులిచ్చి పంపింది ఈ ఉప్పు మోసేవాడే. ఇది ఎత్తి చూపడం నాకు ఇష్టం లేదు. ఎత్తి చూపించేటట్టు చేశావు.

నీ ఉత్తరంలో సగమే మీ బావకు చదివి వినిపించాను. నెల్లూరు మాట చదవలేదు. బెల్టు తియ్యమన్నావని చెబితే, "ఈ ఉప్పు తీత అయిపోనీ, అప్పుడు తీస్తాలే" అన్నాడు. మొన్న ఆ ఉబ్బు రెండు గంటలసేపు లోపలికి పోలేదు. చాప మీద కాళ్ళు ముడుచుకుని పడుకుని గోడ వైపు తిరిగాడు. నేను నూనె రాసి, దేవుళ్ళందరికీ మొక్కి, కసుమూరు మస్తాను దర్గాకు ముడుపు కట్టాను. తర్వాత దానంతట అదే పోయింది. ఇందిరమ్మ ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది.

నీకు చేతకాకపోతే చేతకాదని రాయి. అంతేగాని ఒకసారి రమ్మని, ఒకసారి వద్దని మమ్మల్ని ఇట్లా తిప్పకు.

చెంచమ్మ

మనియార్డరు కూపను
మద్రాసు, 15-5-1961

అక్కా, ఇరవై రూపాయలు పంపాను. నా మీద కోపం తర్వాత. ఈ డబ్బుతో బావను నెల్లూరు తీసుకువెళ్ళు. ఆలస్యం చెయ్యొద్దు. హ.

కృష్ణపట్నం
30-5-1961

తమ్ముడికి.

నీ ఇరవై రూపాయలు వెనక్కి పంపేశాను. ఈపాటికి అంది ఉంటాయి. డబ్బు పారేసి వదిలించుకునే చుట్టాలం కాము మేము. పంపిన తర్వాత రెండు రోజులు నాలో నేనే తిట్టుకున్నాను, తొందరపడ్డానని. ఇప్పుడు కోపతాపాలకు వేళ లేదు కాబట్టి ఉన్నది రాస్తాను.

శనివారం మళ్ళీ వచ్చింది. ఈసారి నాలుగు గంటలు. ముత్తుకూరు డాక్టరు చూసి నా మీద కేకలేశాడు. "ఫిబ్రవరిలోనే చెప్పినాను మీకు. ఈసారి లోపలికి పోకుంటే మనిషి దక్కడు" అన్నాడు. నెల్లూరు పోదామా అని మీ బావను అడిగాను, నీ కూపను ముక్క కూడా చదివాను. ఆయన వినలేదు. "తెలియని చోట కత్తి కింద పడుకోను. చచ్చినా బతికినా నా బామ్మర్ది కళ్ళ ముందే. వాడు ఏదో చిరాకులో రాసినాడు, నన్ను చూస్తే వాడే ఎత్తుకుపోతాడు" అన్నాడు. నిన్ను చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని కాలవ దాటించినవాడు, నీ మీద ఆయనకున్న నమ్మకం నాకు కూడా లేదు.

ఎల్లుండి గురువారం జయరామయ్య పడవ ఉప్పు వేసుకుని మద్రాసు బయలుదేరుతోంది. మా ఇద్దరినీ ఊరికే తీసుకుపోతానన్నాడు. పడవలో పడుకునే రావచ్చు, బస్సులో లాగా కుదుపులుండవు. ఎదురుగాలి లేకపోతే ఐదారు రోజులు. ఇందిరమ్మను అంకాలమ్మ దగ్గర వదులుతున్నాను. మంగళవారం నుంచి బేసిన్ బ్రిడ్జి పడవల రేవు దగ్గర కనిపెట్టుకుని ఉండు. పెద్ద డాక్టరుకు ఇప్పుడే చెప్పి పెట్టు. ఆయన లేకపోతే ఏ డాక్టరైనా సరే.

మేము వచ్చేది ఖాయం. నువ్వు వద్దని రాసినా ఆ ఉత్తరం చూసేదానికి ఇక్కడ ఎవరూ ఉండరు.

చెంచమ్మ

మద్రాసు
8-6-1961

అక్కా,

మూడు రోజులు కాలవ గట్టు మీద నిలబడ్డాను. ఇవాళ జయరామయ్య పడవ వచ్చింది. మీరిద్దరూ లేరు. రెండో రోజు మధ్యాహ్నం దుగరాజపట్నం దాటాక బావకు నొప్పి ఎక్కువైందని, పచ్చగా వాంతులయ్యాయని, గట్టున దించి బండెక్కించి కోట ఊరి దగ్గర మిషను ఆసుపత్రికి పంపామని చెప్పాడు. తర్వాత ఏమైందో ఆయనకు తెలియదు. ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేసరికి బావ ఉన్నాడో లేడో తెలియకుండా రాస్తున్నాను.

నేను కాంపౌండరును కాను. ఏనాడూ కాను. ఆసుపత్రి బట్టలు ఉతికే కొట్టంలో పనిచేస్తాను. వార్డుల దుప్పట్లు, ఆపరేషన్ గదిలో నుంచి వచ్చే రక్తపు గుడ్డలు, అన్నీ సోడా నీళ్ళలో ఉడకబెట్టి, కర్రతో తిప్పి, పిండి, దండేల మీద ఆరేస్తాను. నాలుగేళ్ళుగా అదే పని. ఒక్క డాక్టరుకు కూడా నా పేరు తెలియదు. సీమకు వెళ్ళిన పెద్ద డాక్టరు ఎవరూ లేరు. ఆయన్ను నేనే పుట్టించాను.

మద్రాసు వచ్చిన కొత్తలో అమ్మ రాయించింది, ఏం పని దొరికింది, నలుగురూ అడుగుతున్నారు అని. ఆసుపత్రిలో పని అని రాశాను. ఆసుపత్రిలో ఏం పని అని మళ్ళీ రాయించింది. మన ఇంట్లో ఒకరి మైలబట్ట ముట్టినవాళ్ళు లేరు. ఆ మాట అమ్మకు రాయలేక కాంపౌండరు అని రాశాను. వీధంతా చక్కెర పంచిందని నువ్వే రాశావు. ఏడాదికి అమ్మ పోయింది. తర్వాత నీకు చెప్పాలనుకున్నాను. అప్పటికి నువ్వు ఇందిరమ్మ దగ్గుకు మందేమిటని అడిగావు. బజారులో కొని పంపాను. టానిక్కులన్నీ అట్లా కొన్నవే.

బెల్టు కూడా కొన్నదే. ఎట్లా కట్టుకోవాలో అమ్మినవాణ్ణి అడగలేదు. వాడికి నేనెవరో తెలియదు, అడిగితే నామోషీ కూడా లేదు. అయినా అడగలేదు. నాలుగేళ్ళు నీకు రాసి రాసి నాకు నిజంగానే తెలుసని అనిపించింది. ఏప్రిల్లో, కందిపోయిందని నువ్వు రాసిన తర్వాత, మా కొట్టానికి గుడ్డలు తెచ్చే వార్డు మనిషిని అడిగాను. ఉబ్బు బయట ఉండగా కడితే ప్రమాదం అన్నాడు. అందుకే నెల్లూరు వెళ్ళమని రాశాను. ఎందుకో మాత్రం రాయలేదు. రాస్తే అంతా రాయాలి.

ఇంకొకటి ఉంది, అన్నిటికంటే చెడ్డది. ఆసుపత్రికి రావడానికి తెలిసినవాళ్ళు అక్కర్లేదు. రోజూ చూస్తూనే ఉన్నాను. ఎక్కడెక్కడి వాళ్ళో పొద్దున్నే వచ్చి వరసలో నిలబడి చీటీ రాయించుకుంటారు. చేతిలో కాణీ లేనివాళ్ళు కూడా పడుకుంటారు, కోయించుకుంటారు, లేచి వెళ్ళిపోతారు. నెల్లూరులో కూడా అంతే అయి ఉంటుంది. ఫిబ్రవరిలో నేను ఆ ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. అది రాస్తే నాతో పని లేదని మీకు తెలిసిపోతుంది.

సెలవు అడిగితే పని తీసేస్తామన్నారు. రమ్మంటే అదీ మానుకుని వస్తాను. ఒక కార్డు ముక్క రాయి. పది రూపాయలు పంపుతున్నాను, ఉన్నది ఇంతే. ఈసారి వెనక్కి పంపకు.

హజరత్తు

మిషను ఆసుపత్రి, కోట దగ్గర
14-6-1961

హజరత్తుకు.

మీ బావ బతికాడు. ముందు అది చదువుకో. మిగతాది మెల్లగా చదువు.

బండిలో నుంచి దింపేసరికి ఆయనకు స్పృహ లేదు. ఇక్కడి డాక్టరమ్మ దీపాలు పెట్టే వేళకు కోసింది. పేగు నల్లబడిపోయిందని జానెడు ముక్క తీసేశారు. మూడు రోజులు మంచినీళ్ళు కూడా పొయ్యనివ్వలేదు, చేతిలోకి సూదితో ఎక్కించారు. నాలుగో రోజు గంజి తాగాడు. కళ్ళు తెరిచి మొదట అడిగింది నిన్నే. ఇది మద్రాసు అనుకున్నాడు.

బెల్టు చేతిలో పట్టుకుని డాక్టరమ్మ అడిగింది, "ఇది కట్టమన్నది ఎవరు? పడుకోబెట్టి, పేగు లోపలికి పోయినాక కట్టాలి. బయట ఉన్నదాని మీద బిగిస్తే అది చస్తుంది కదమ్మా" అని. మా తమ్ముడు, మద్రాసులో కాంపౌండరు అని చెప్పాను. గొప్పగానే చెప్పాను. ఆమె నా వంక ఒకసారి చూసి వెళ్ళిపోయింది. నీ ఉత్తరం వచ్చాక ఆ చూపు గుర్తొస్తే నేల చీలితే దూరిపోదామనిపించింది.

నువ్వు బట్టలు ఉతికినందుకు నాకు కోపం లేదు. అప్పుడే రాసి ఉంటే ఏడ్చేదాన్ని, అది నిజం. మన ఇంటి మగపిల్లవాడు మైలబట్టలు పిండటమేమిటని నలుగురితోపాటు నేనూ అనేదాన్నేమో. ఏడ్చి, ముక్కు చీదుకుని, ఫిబ్రవరిలోనే ఈయన్ను నెల్లూరు తీసుకుపోయి వరసలో నిలబెట్టేదాన్ని. జానెడు పేగు ఆయన కడుపులోనే ఉండేది. దానికి నాకు కోపం. ఏప్రిల్లో నీకు తెలిసింది. తెలిసి కూడా ఎందుకో రాయలేదు. అది నేను ఇప్పుడప్పుడే క్షమించలేను. తోడబుట్టినవాడివి కాబట్టి ఎప్పటికైనా క్షమిస్తానేమో. నన్ను తొందరపెట్టకు. ఉబ్బు ఎక్కడో నేను కూడా సిగ్గుపడి సరిగ్గా రాయలేదు. నీ డబ్బు పౌరుషానికి పోయి తిప్పి పంపాను. నా వంతు నాకు తెలుసు, దాన్ని నేను మోస్తాను. నీ వంతు నువ్వు మోసుకో.

మీ బావకు ఇంకా చెప్పలేదు. పక్క మంచం వాళ్ళకు రోజూ నీ గొప్ప చెబుతూనే ఉన్నాడు. ఆయనకు చెప్పేది నేను కాదు, నువ్వు. రమ్మంటే వస్తానని రాశావు. రమ్మనకపోతే రావా? కానీ ఇప్పుడు రావద్దు. పని పోగొట్టుకుంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఆయన లేచి తిరిగేటప్పుడు నేను రాస్తాను, అప్పుడు వచ్చి ఎదురుగా కూర్చుని చెప్పు. పది రూపాయలు ఉంచుకున్నాను.

ఇక్కడ ఆపరేషనుకు డబ్బు అడగలేదు. ఉన్నవాళ్ళు ఇస్తారట, లేనివాళ్ళు చేతనైన పని చేస్తారట. నీకేం చేతనవుతుందని రెబెక్కమ్మ అనే నర్సు అడిగితే, మళ్ళలో ఉప్పు గీకడం అన్నాను. ఆమె నవ్వి, నన్ను వెనక బావి దగ్గర గుడ్డలు ఉతకడానికి పెట్టింది. కట్లు కట్టినవి, కాన్పులవి. మొదటి రోజు అన్నం సయించలేదు. ఇప్పుడు తింటున్నాను. పోస్టుమాను నీ ఉత్తరం ఆ బావి దగ్గరికే తెచ్చి ఇచ్చాడు. చేతులు తుడుచుకుని, అక్కడే కూర్చుని చదివాను.

ఇక ముందు సంగతి. ఈయన జన్మలో బరువెత్తకూడదని డాక్టరమ్మ చెప్పింది. బస్తా మోయనివాడికి ఉప్పు మళ్ళలో పని లేదు. ఆడవాళ్ళకిచ్చే కూలి సగం, అది కూడా ఎండలున్నన్నాళ్ళే. ఇందిరమ్మ తినాలి, ఈయనకు పాలో గంజో పట్టాలి. నీది నెల జీతం కదా, వానపడ్డా ఆగదు కదా. పాలెంలో ఏమనుకుంటారో అనే చింత నాకు ఈ బావి దగ్గరే పోయింది. ఈయన కోలుకోగానే ముగ్గురం మద్రాసు వచ్చేస్తాం. మీ ఉతికే కొట్టంలో ఆడవాళ్ళను పెట్టుకుంటారేమో మీ మేస్త్రిని అడుగు. అడిగి రాయి. ఉంటే ఉందని రాయి, లేకపోతే లేదని రాయి. నేను నొచ్చుకుంటానని దానికి ఏమీ కలపకు.

నీ అక్క
చెంచమ్మ